మాంసకృత్తుల వ్రతం

బహదూర్‌పురాను ఆనుకుని ఉన్న కిషన్‌బాగ్ వంటి హైదరాబాద్ పాతబస్తీ పేటల్లో ఎవరైనా బరువు తగ్గాలని నిశ్చయించుకుంటే, వారి పళ్లెంలోంచి ముందుగా తొలగిపోయేవి పొద్దుటి కిచిడీ, రొట్టె, అన్నం. వాటి స్థానంలోకి గుడ్డులోని తెల్లసొన, ఉడికించిన కోడిమాంసం, పనీర్, జిమ్‌లో ఎవరో సిఫారసు చేసిన పొడి డబ్బా వచ్చి చేరతాయి. హై ప్రోటీన్ డైట్‌గా ప్రచారంలో ఉన్న ఈ పద్ధతిలో, కండరాలను, ఎంజైములను నిర్మించడానికి శరీరం వాడుకునే ప్రోటీన్లను, అంటే మాంసకృత్తులను, బాగా పెంచి, పిండిపదార్థాలను, అంటే బియ్యం, గోధుమ, చక్కెరలలో అధికంగా ఉండే పోషకాలను, దాదాపు నిషేధిస్తారు. దీనిని పాటించినవారిలో చాలామంది బరువు తగ్గుతారన్నది నిజమే కనుక ఆ సంగతిపై వాదన అనవసరం. తగ్గుదలకు కారణం ఏది, ఆ ఘనత దేనికి దక్కుతున్నది అన్నదే పరిశీలించవలసిన విషయం.

మొదటి వారంలో తూకపు యంత్రం చూపే అంకె నమ్మకానికి పునాది వేస్తుంది. శరీరం కాలేయంలోనూ కండరాలలోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని సుమారు అర కిలో దాకా నిల్వ చేసుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి, అన్నం, రొట్టె మానేసిన కొద్ది రోజులకే ఆ నిల్వ కరిగి, నీరు బయటికి పోయి, ఒకటి రెండు కిలోలు తగ్గినట్లు కనిపిస్తుంది. పోయింది చాలావరకు నీరే అయినా, పాటించినవారికి అది నియమం చూపిన మహిమగానే తోస్తుంది.

తెలుగువారి ఇటీవలి చరిత్రలోనే ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి చక్కని ఆధారం ఉంది. మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి వైద్యం పేరిట ఉప్పు, నూనె, మాంసం మాని మొలకలు, పండ్లు, పచ్చికూరలు తినమని బోధించగా వేలాది కుటుంబాలు ఆయన మాట విన్నాయి. 2018 నాటికి వీరమాచనేని రామకృష్ణ దానికి దాదాపు తలకిందులుగా, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న సూత్రంతో కొబ్బరినూనె తాగమని చెప్పగా, ఆయన సభలకూ జనం వెల్లువెత్తారు. ఒకరు నూనెను బహిష్కరించారు, మరొకరు దానినే మందు చేశారు, అయినా ఇరువురి అనుచరులలోనూ బరువు తగ్గినవారు ఉన్నారు. పరస్పర విరుద్ధమైన రెండు నియమాలు ఒకే ఫలితాన్ని ఇస్తే కారణాన్ని వాటి భేదంలో కాక, రెండింటిలోనూ ఉన్న సామ్యంలో వెతకాలన్నది తర్కశాస్త్రంలోని మొదటి పాఠం. ఆ సామ్యం కంటికి కనిపించేదే: చక్కెర చాయ్, బిస్కెట్లు, మిర్చి బజ్జీలు, రెండోసారి వడ్డించుకునే అన్నం, విందు బిర్యానీ రెండు పద్ధతులలోనూ లేవు, కాబట్టి రోజు మొత్తం మీద ఒంటికి చేరే శక్తి తగ్గింది.

వైద్య పరిశోధన ఇదే విషయాన్ని కొలిచి చెప్పింది. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన ఒక అధ్యయనంలో 811 మందికి, మాంసకృత్తులు 15 శాతం ఉన్నవీ 25 శాతం ఉన్నవీ కలిపి, నాలుగు రకాల ఆహారాలను రెండేళ్లపాటు నిర్ణయించగా, ఆరు నెలలకు అన్ని వర్గాలవారూ సగటున ఆరు కిలోలు తగ్గారు, ఏడాది దాటాక అన్ని వర్గాలవారూ తిరిగి పెరగసాగారు; మాంసకృత్తుల శాతం చెప్పుకోదగ్గ తేడా తేలేదు. 2005 నాటి మరో అధ్యయనంలో, నాలుగు ప్రసిద్ధ పథ్యాలను పాటించిన 160 మందిలో ఎవరు ఎంత తగ్గారన్నది పథ్యం పేరును బట్టి కాక, దానిని ఎంత నిలకడగా పాటించారన్న దానిని బట్టి తేలింది. మాంసకృత్తులకు కొన్ని సుగుణాలు ఉన్నమాట కాదనరానిది: అవి ఆకలిని ఎక్కువసేపు అణచి ఉంచుతాయి, జీర్ణం కావడానికే తమ శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చు చేయిస్తాయి, బరువు తగ్గేవేళ కండరాల నష్టాన్ని కొంత అరికడతాయి. ఇవి తక్కువ తినడాన్ని సులభం చేసే సాధనాలే తప్ప, తక్కువ తినడానికి బదులుగా నిలిచేవి కావు.

మాంసం తింటే కండ పెరుగుతుంది, కండ పెరిగితే కొవ్వు కరుగుతుంది అన్న తలపుకు మూలాలు లోతైనవి. కుస్తీ నేర్పే తాలీంఖానాల పహిల్వాన్లు బాదం, పాలు, గుడ్లు, మాంసం తినేవారన్నది అందరికీ గుర్తుంటుంది గానీ, వారు రోజూ తీసే దండీలు, బస్కీలు ఎవరి లెక్కలోకీ రావు. పండితులూ ఈ పొరపాటుకు అతీతులు కారు. కండరం పనిచేయడానికి ఇంధనం మాంసకృత్తులేనని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ బోధిస్తుండగా, 1865లో ఫిక్, విస్లిసేనుస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మాంసకృత్తులు లేని ఆహారం తిని, స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ శిఖరం ఎక్కి, తమ మూత్రంలోని నైట్రోజన్‌ను కొలిచి, అప్పుడు ఖర్చయిన మాంసకృత్తులు అంత ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తికి ఏమాత్రం చాలవని నిరూపించారు. తర్వాత వందేళ్లకు ప్రపంచ సంస్థలు పేద దేశాల పిల్లల సమస్యంతా మాంసకృత్తుల కొరతేనని ప్రచారం చేస్తున్నప్పుడు, కిషన్‌బాగ్ ఉన్న ఈ నగరంలోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్, ఆ పిల్లలకు ముందుగా కొరవడినది కడుపు నిండా తిండి అని వాదించారు.

నియమం ఎంత కఠినమైతే అంత మంచిదన్న భావన ఎక్కువ జాగ్రత్తగా చూడదగ్గది. బరువు తగ్గితే పథ్యం గొప్పదని, పెరిగితే పాటించినవాడు ఫలానా పెళ్లి విందులో నిష్ఠ తప్పాడని తీర్మానిస్తారు. మొక్కు తీరితే దైవమహిమ, తీరకుంటే భక్తుడి లోపం అనే వాదానికీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. ఏ ఫలితం వచ్చినా తప్పని తేలే వీలే లేని సిద్ధాంతం, ఎంత శాస్త్రీయ పదజాలం ధరించినా, విశ్వాసమే. రోజువారీ కూలితో నడిచే ఇంట్లో ఒక్కరి కోసం వేరే వంట, వేరే ఖర్చు ఎన్నాళ్లు సాగుతాయన్న ప్రశ్నను ఈ విశ్వాసం అడగనే అడగదు. వ్రతభంగానికి నింద మాత్రం సిద్ధంగా ఉంచుతుంది.

నష్టం నింద దగ్గరే ఆగదు. అధిక మాంసకృత్తులు ఆరోగ్యవంతుల మూత్రపిండాలను చెడగొడతాయనడానికి గట్టి రుజువు లేకపోయినా, మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్నవారికి అవి భారమే. దేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి, మూత్రపిండాలను దెబ్బతీయగల మధుమేహం ఉందని 2023లో వెల్లడైన స్థితిలో, తమ మూత్రపిండాల సంగతి తెలియకుండానే పథ్యం మొదలుపెట్టేవారు తక్కువేమీ కారు. పొడి డబ్బాల విషయానికి వస్తే, 2024లో మన దేశపు 36 ఉత్పత్తులను పరీక్షించగా, దాదాపు 70 శాతం వాటిలో లేబుల్ మీద ఉన్న మాంసకృత్తుల లెక్క సరికాదని తేలింది. అదే ఏడాది మే నెలలో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ పొడులను వాడవద్దని సూచిస్తూనే, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని, పప్పులు, మాంసాహారం కలిపి 15 శాతం దాకా ఉండాలని చెప్పాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు, అంటే 60 కిలోల వ్యక్తికి దాదాపు 50 గ్రాములు. పాతబస్తీలో పొద్దున్నే తినే కిచిడీ, ఖీమా, ఖట్టాలలో ఈ మార్గదర్శకాలు కోరే మార్పుకు కావలసిన వస్తువులన్నీ ఉన్నాయి: బియ్యం వంతు తగ్గించి, మసూర్ పప్పు వంతు పెంచి, నెయ్యి మీద చేయి కాస్త బిగపట్టి, ఒక వడ్డనతో ఆపితే సరిపోతుంది.