తుపాను దారిలోని బంధువులు

కార్తికమాసమున బంగాళాఖాతములో వాయుగుండమను మాట విన్నంతనే చిత్తూరు సీమ రైతు మనస్సున రెండు భావములు పొడసూపును. చెరువు నిండునను ఆశ యొకటి. కోస్తాలో మెట్టిన కూతురేమగునో యను భయమొకటి.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి సుమారు 10,000 మందిని బలిగొనెను. తంతిస్తంభములు కూలెను, బాటలు తెగెను. దూరమందున్న బంధువులకు రేడియోకడ చెవియొగ్గి కూర్చుండుట తప్ప వేరు దారి లేకపోయెను. నేడు ప్రతి చేతిలోను ఫోనున్నది. అయినను 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు పెక్కు ఫోనులు మూగవోయినవి.

సముద్రము తమకు దూరమని తిరుపతివారు పెక్కండ్రు నిశ్చింతగా నుండెడివారు. 2021 నవంబరులో ఆ నిశ్చింత తీరినది. తుపానుగానైన బలపడని వాయుగుండమొకటి చెన్నై సమీపమున తీరము దాటుచు తిరుమల కొండలపై కుండపోతగా కురిసెను. శ్రీవారి మెట్టు నడకదారి కోసుకొనిపోయెను. వీధులు ఏరులైనవి, స్వర్ణముఖి పొంగెను. రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టకు గండిపడునను భయముతో దిగువ గ్రామములవారిని తరలించిరి. అంతవరకు కోస్తా బంధువుల క్షేమమడిగినవారినే ఆ బంధువులు "ఎట్లున్నారు?" అని యడుగవలసివచ్చెను. వాయుగుండము తీరము దాటిన దినమును నవంబరు 19యే!

ఆత్రుత ప్రేమకు గుర్తు, దానిని తప్పుపట్టరాదు. కాని గాలి వీచుచుండగా గంటకు పదిమారులు ఫోను చేసినందువలన ఎదుటివారి ఫోనులో ఛార్జి తరుగుటయే ఫలము. వాతావరణశాఖ కొన్ని దినములు ముందుగనే హెచ్చరించుచున్నది. అడుగవలసిన దినములవి. "అమ్మాయీ, మీ యూరి తుపాను రక్షణ భవనమెంత దూరము? మీ అత్తగారిని నడిపించుకొని పోవువారెవరు? పశువుల పలుపులు విప్పితిరా?" భవనము చేరితిమను ఒక్క వార్త పంపిన చాలునని కూడ అప్పుడే ఒప్పందము చేసికొనవలెను. ఆ పిమ్మటి మౌనమును కీడని యెంచరాదు. ఎచటనో స్తంభము కూలియుండును.

దూరమున కూర్చుండి ఇన్ని ప్రశ్నలడుగుట అధికప్రసంగమని కొందఱందురు. అది సరికాదు. ఇల్లు విడిచి కదలుటకు ముసలివారు సులభముగా ఒప్పుకొనరు. అధికారి చెప్పినను కదలనివారు కొడుకు గొంతు విని కదలుదురు. ఆ పని మఱి యెవరివలనను కాదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మొదట తిరుపతి జిల్లాను వానలతో ముంచి, 5వ తేదీన బాపట్లకడ తీరము దాటెను. ఒకే కుటుంబము యొక్క రెండు కొసలను ఒకే తుపాను తాకిన దినములవి. తమ యింటిలోని నీటిని తోడిపోయుచునే, ఉత్తరముననున్న తోబుట్టువులకు ఫోను చేసి, సామాను సర్దుకొమ్మని చెప్పవలసిన వంతు ముందు తడిసినవారిదయ్యెను.