గుడారములో ఉన్నవారిని అడుగుదాము



హైదరాబాదు పడమటి అంచున నానక్‌రామ్‌గూడ ఉన్నది. మన పల్లెల పిల్లలు ఉద్యోగములకు వెళ్ళే అద్దాల మేడలు అక్కడివే. 2016 డిసెంబరులో ఒక రాత్రి అక్కడ కట్టుచున్న ఏడంతస్తుల భవనము కూలి 11 మంది చనిపోయారు. విజయనగరం జిల్లా నుండి, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన కూలీలే వారిలో ఎక్కువమంది. తలదాచుకొనుటకు వేరే చోటు లేక, కట్టుచున్న ఇంటిలోనే కాపురమున్నారు.

వలసకూలీకి ఇది కొన్నేళ్ళ కష్టము. గంగిరెద్దులవారికి, బుడబుక్కలవారికి, దొమ్మరులకు, రాళ్ళు కొట్టే వడ్డెరలకు తరతరాల బ్రతుకు. వీరికి ఎటువంటి వసతి కావాలో ఎవరు లెక్క వేస్తారు? 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి, ఆ ఒక్క రాత్రే లెక్కించారు. ఎంతమంది ఉన్నారో ఒక రాత్రి చెప్పవచ్చును గాని, ఏమి కావాలో చెప్పదు.

ఇంగ్లండులో జిప్సీల వసతి అవసరములను అంచనా వేయవలెనని 2004లో చట్టము చేశారు. ఇళ్ళే కాదు, బండ్లు నిలుపుకొను స్థలములు ఎన్ని కావాలో కూడ లెక్కించారు. 2016లో ఆ నిబంధనను తీసివేశారు. మన దేశములో రెంకే కమిషన్ 2008లో నివేదిక ఇచ్చింది. 2022లో కేంద్రము సంచార జాతుల కొరకు ‘సీడ్’ పథకము ప్రారంభించి, అయిదేళ్ళకు 200 కోట్ల రూపాయలు కేటాయించింది. ఇంటి సహాయము అందులో ఒక భాగము. అయితే చిరునామా, కుల ధ్రువపత్రము లేనివారు దరఖాస్తు ఎట్లు పెట్టగలరు?

మన క్రైస్తవ సేవా చరిత్రలోను ఒక పాఠమున్నది. ఎరుకల కుటుంబముల కొరకు బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో సాల్వేషన్ ఆర్మీవారు సెటిల్‌మెంటు నడిపారు. పొలము, బడి దొరికాయి. కాని నేరస్థ జాతుల చట్టము క్రింద హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. ఇల్లు ఇచ్చి కాళ్ళు కట్టివేసినట్లయినది. 1952లో ఆ చట్టము రద్దయినను, దాని మచ్చ త్వరగా పోలేదు. వారిని అడగకుండ ఏర్పాటు చేసిన వసతి ఇట్లే ఉంటుంది.

కనుక ఈసారి మీ ఊరి చెరువుగట్టున గుడారములు వేసినప్పుడు సంఘ పెద్దలు వెళ్ళి మాట్లాడండి. ఎన్ని నెలలుంటారు? నీళ్ళెక్కడివి? పశువులను ఎక్కడ కడతారు? పిల్లలు ఏ బడికి వెళ్తారు? ఎవరైనా చనిపోతే ఎక్కడ పాతిపెడతారు? వారు చెప్పినది వ్రాసి, వారితో కలిసి మండల కార్యాలయమునకు వెళ్ళండి. మన విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము గుడారములలో నివసించినవాడే. గుడారములో ఉన్నవారు మనకు పరాయివారు కారు.