కేకుల ఓవెన్‌లో సర్క్యూట్ బోర్డు

మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఐస్‌క్రీమ్ తినేసి, ట్రూప్ బజార్ మీదుగా కోఠి వైపు నడవండి. గుజరాతీ గల్లీ వస్తుంది. రెసిస్టర్లు, ఐసీలు, సోల్డరింగ్ ఐరన్లు... ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నోళ్లకి అదే స్వర్గం.

కానీ ఇప్పుడొచ్చే పార్టులు మరీ చిన్నవి. 0603 సైజు రెసిస్టర్ పొడవు 1.6 మిల్లీమీటర్లే. కొన్ని చిప్పులకైతే కాళ్లే ఉండవు, కనెక్షన్లన్నీ పొట్ట కిందే. అక్కడికి ఐరన్ మొన ఎలా పోతుంది? అందుకే ఫ్యాక్టరీల్లో బోర్డుకి సోల్డర్ పేస్ట్ పూసి, పార్టులు పేర్చి, మొత్తాన్ని ఓవెన్‌లోకి పంపుతారు. పేస్ట్ కరిగి, వంకరగా పెట్టిన పార్టుని కూడా తనే లాగి సర్దేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది.

అదే పని కేకులు చేసే ఓటీజీతో ఇంట్లోనూ చేయొచ్చు. అయితే ఇక్కడ అసలు హీరో ఓవెన్ కాదు, థర్మామీటర్.

63/37 సీసం సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బోర్డుని మెల్లగా 150కి తేవాలి, ఒకటి ఒకటిన్నర నిమిషం అక్కడక్కడే ఉంచాలి, తర్వాత 210-220 దాకా తీసుకెళ్లి చల్లార్చాలి. సీసం లేని రకానికి 240 దాకా కావాలి, చిన్న ఓటీజీలు అక్కడ ఆయాసపడతాయి. ఓవెన్ నాబ్ మీద అంకెల్ని అసలు నమ్మొద్దు. కె-టైప్ థర్మోకపుల్, మాక్స్6675 మాడ్యూల్, ఒక ఆర్డుయినో, హీటర్‌ని ఆన్-ఆఫ్ చేయడానికి సాలిడ్ స్టేట్ రిలే ఉంటే చాలు.

నా మొదటి బోర్డు సంగతి చెప్తా. థర్మోకపుల్‌ని గాల్లో వేలాడదీశా. స్క్రీన్ మీద 220 చూపిస్తోంది, పేస్ట్ మాత్రం బూడిద రంగులో బురదలాగే ఉంది! గాలి వేడెక్కింది, బోర్డు ఎక్కలేదు. ఇప్పుడు పనికిరాని బోర్డు ముక్కకి క్యాప్టన్ టేపుతో థర్మోకపుల్ అతికించి, దాన్ని అసలు బోర్డు పక్కన పెడుతున్నా.

ఇక జాగ్రత్తలు. లోపల ఉన్నది 230 వోల్టులు. వైరింగ్ రాకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఓవెన్ బాడీకి ఎర్త్ తప్పనిసరి, రిలేకి హీట్‌సింక్ తప్పనిసరి. ఇంకో మాట: ఈ రిలే పాడైతే ఎక్కువగా 'ఆన్'లోనే ఇరుక్కుపోతుంది. అంటే కోడ్ ఆపమన్నా హీటర్ ఆగదు. అందుకే ఓవెన్ నడుస్తున్నంతసేపూ ప్లగ్ స్విచ్ మీ చేతికి అందేలా కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టండి బాబూ. కిటికీ కూడా తెరిచి ఉంచండి, ఫ్లక్స్ పొగ గొంతు పట్టేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మ ఓవెన్ జోలికి పోవద్దు. ఒక్కసారి బోర్డు పెట్టిన ఓవెన్‌లో మళ్లీ తిండి పెట్టకూడదు. కడిగినా సరే. జుమేరాత్ బజార్ లాంటి పాత సామాన్ల సంతలో సెకండ్ హ్యాండ్‌ది వెతుక్కోండి, దాని మీద మార్కర్‌తో 'తిండికి కాదు' అని పెద్దగా రాయండి.

పేస్ట్‌ని చల్లగా దాచమని డబ్బా మీద ఉంటుంది. అలాగని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టేరు! చిన్న సిరంజిలో వచ్చేది కొని, తొందరగా వాడేయండి.