గోళ్ళ బ్రష్షుకూ ఎంగిలి ఉంటుంది

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి చిలుకూరు నుంచి. వీసాల కోసం జనం ప్రదక్షిణలు చేసే చిలుకూరు కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ దగ్గరి చిలుకూరు. వ్రాసిన సోదరి తన పేరు వేయవద్దని కోరారు, వేయడం లేదు. ఆవిడ పని నేర్చుకొని, ఇంటి ముందు గదిలోనే ఆడపిల్లలకు యాక్రిలిక్ గోళ్ళు పెడుతున్నారు. ఉత్తరంలోని సంగతి ఇది:

“మొన్న మాఘమాసంలో ఒక పెళ్ళికూతురికి తెల్లని గోళ్ళు పెట్టాను. మూడో నాటికి పచ్చబడ్డాయట. పిల్ల తల్లి కోపగించి మిగతా డబ్బు ఇవ్వలేదు. చూస్తే నా బ్రష్షు కూడా పచ్చబడింది. కొన గట్టిపడి రెండుగా చీలింది. ఖరీదు పెట్టి కొన్నదే. అసిటోన్‌లో నానబెట్టి కడిగితే ఇంకా పాడైంది. మా ఆయన ‘ఇది మనకు అచ్చిరాలేదు, మానేయి’ అంటున్నారు. మానేయమంటారా?”

మానేయనక్కర లేదు, సోదరీ. గోళ్ళు పచ్చబడడానికి కారణం ఉంటుంది; కారణం ఉన్నదానికి ఉపాయమూ ఉంటుంది.

ఈ గోళ్ళ సంగతి తెలియని పెద్దవారికోసం రెండు మాటలు. ఒక సీసాలో లిక్విడ్, ఒక డబ్బాలో పౌడరు ఉంటాయి. బ్రష్షును లిక్విడ్‌లో ముంచి పౌడరుకు తాకిస్తే కొనమీద చిన్న పూస లేస్తుంది. దాన్ని గోటిమీద పెట్టి పరిస్తే కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇంట్లో పెద్దవారికి కట్టుడు పళ్ళుంటే వాటి గులాబీరంగు చిగుళ్ళు చూడండి. అదీ ఈ యాక్రిలిక్ జాతిదే. నిజానికి ఈ గోళ్ళు పళ్ళ వైద్యుడి గదిలోనే పుట్టాయి. 1950లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఫ్రెడ్ స్లాక్ అనే దంతవైద్యుడు, తన గోరు విరిగితే, దగ్గరున్న పళ్ళ సరుకుతోనే గోరు చేసి అతికించుకొన్నాడు. అక్కడినుంచి ప్రపంచమంతా తిరిగి ఇప్పుడు మన పెళ్ళిళ్ళకు వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. మన భాషలో “పచ్చ” అన్నమాటతో ఒక చిక్కుంది. ఆకూ పచ్చనే, పసుపూ పచ్చనే. కాబట్టి మొదట ఏ పచ్చో చూసుకోవాలి.

ఆకుపచ్చ అయితే అది బ్రష్షు తప్పు కాదు. పెట్టిన గోరు ఒక అంచున లేచి, ఆ సందులో తడి నిలిస్తే సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి చేరి ఆ రంగు పుట్టిస్తుంది. దానిమీద రంగు వేసి కప్పకూడదు. పెట్టిన గోరు తీసేసి, వైద్యుడికి చూపించి, అసలు గోరు బాగయ్యాకనే మళ్ళీ పెట్టాలి.

పసుపుపచ్చ అయితే అది రెండు విధాలు: పైనుంచి పట్టినది, లోపలినుంచి వచ్చినది. పెళ్ళికూతురి విషయంలో పై మరకనే ముందు అనుమానించాలి. నలుగు పసుపు, తలంబ్రాల బియ్యంలో పసుపు, సూత్రానికి పసుపు. ఆ రెండు రోజులూ పిల్ల చేతులు పసుపులోనే ఉంటాయి. తెల్లని గోరుకు అది పట్టక ఏం చేస్తుంది? పరీక్ష సులువు. పసుపు మరక ఎండకు వెలుస్తుందని తెల్ల పంచెలు ఉతికే మనందరికీ తెలుసు. యాక్రిలిక్ తనంత తాను పచ్చబడితే మాత్రం ఎండకు ఇంకా ముదురుతుంది. పైపొరను కొద్దిగా అరగదీసి చూసినా తెలుస్తుంది. కింద తెల్లగా ఉంటే అది పసుపు పుణ్యమే. చిలుకూరు సోదరికి ఆ పిల్ల మళ్ళీ కనబడితే ఒక వేలు అరగదీసి, తల్లి ఎదుటనే చూపించవచ్చు. ఇకముందు పెళ్ళికూతుళ్ళకు నలుగు అయ్యాకనే గోళ్ళు పెట్టండి. మెరుపు పూత గోటి అంచు కిందికీ వచ్చేలా వేయండి.

లోపలినుంచి వచ్చే పచ్చదనానికే బ్రష్షుతో పని. ఇక్కడ నేను కొత్త సంగతేమీ చెప్పబోవడం లేదు. ఆవకాయ జాడీ దగ్గర మన అత్తగార్లు చెప్పినదే చెబుతాను. జాడీలో తడి గరిటె పెట్టరాదు. పక్కకు తీసినది మళ్ళీ జాడీలో వేయరాదు. ఒక పచ్చడి గరిటె ఇంకో పచ్చడిలో ముంచరాదు. మూత తీసి ఉంచరాదు. ఈ నాలుగూ పాటిస్తే ఏడాది నిలుస్తుంది, ఒకటి తప్పితే బూజు పడుతుంది. గోళ్ళ లిక్విడ్‌కూ బ్రష్షుకూ ఈ నాలుగే నియమాలు.

తడి సంగతి మొదట. ఈ బ్రష్షుకు నీళ్ళూ సబ్బూ తగలకూడదు. వెంట్రుకల్లో నిలిచిన నీటిచుక్క పూసలో కలిస్తే గోరు సరిగా కుదరదు, మబ్బుగా వస్తుంది. అసిటోన్ అసలే పనికిరాదు. మంచి బ్రష్షులలో ఉండేది జంతువు వెంట్రుక. దానికి సహజంగా ఉండే నూనెను అసిటోన్ లాగేస్తుంది. తలకు నూనె లేని జుట్టులా అది చిట్లి చీలుతుంది. మీ బ్రష్షు కొన రెండైనది అందుకే. ఏ లిక్విడ్‌తో పనిచేస్తారో ఆ లిక్విడ్‌లోనే కడగాలి.

పక్కకు తీసిన లిక్విడ్ సంగతి రెండవది. సీసాలో బ్రష్షు ముంచకండి. ఒక మనిషికి సరిపడా కొద్దిగా చిన్న గాజు గిన్నెలోకి వంచుకోండి. పని అయ్యాక మిగిలినది ఎంత బంగారమైనా సీసాలో తిరిగి పోయవద్దు. అందులో అప్పటికే పౌడరు రేణువులు, అరగదీసిన గోటి దుమ్ము చేరి ఉంటాయి. పొదుపని తిరిగి పోస్తే సీసా అంతా ఎంగిలవుతుంది. మిగిలినదాన్ని కాగితపు గుడ్డకు పీల్పించి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి, మోరీలో పోయవద్దు. సీసాలోని లిక్విడే పచ్చగా కనబడితే దానితో ఇక గోళ్ళు పెట్టవద్దు. గట్టిపడడానికి అందులో కలిపే మందు పాతబడితే, ఎండ తగిలితే రంగు మారుతుంది. మన వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కదా, రేకుల గదిలో కిటికీ పక్కన సీసా పెట్టుకొంటే ఇంకేం నిలుస్తుంది?

మూడవది, కలగలుపు. జెల్‌కు వాడిన బ్రష్షు యాక్రిలిక్‌కు వాడవద్దు. జెల్ వెలుతురుకు గట్టిపడే సరుకు. వెంట్రుకల మధ్య కాస్త మిగిలినా కిటికీ వెలుగుకే బిగుసుకొంటుంది. రంగు పౌడర్లకూ మెరుపులకూ వేరే బ్రష్షు, తెలుపుకు వేరే బ్రష్షు పెట్టుకోండి. ఒక కంపెనీ లిక్విడ్, ఇంకో కంపెనీ పౌడరు కలపడం కూడా మంచిది కాదు.

నాలుగవది, మూత. గిన్నెకు మూత, డబ్బాకు మూత. అరగదీసే పని ఒకచోట, బ్రష్షు పని ఇంకోచోట చేసుకోండి. పని ముగిశాక కొత్త లిక్విడ్‌లో బ్రష్షు జాడించి, నూగు రాలని గుడ్డమీద మెల్లగా తుడిచి, కొనను సూదిగా తీర్చి, మూత ఉన్న పెట్టెలో పడుకోబెట్టండి. గ్లాసులో కొన పైకి పెట్టి నిలబెడితే లిక్విడ్ కిందికి దిగి, వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు పట్టీలో చేరుతుంది. అక్కడి జిగురు వదులై వెంట్రుకలు రాలుతాయి. ప్రతి గోటి తరువాతా తుడవడం కూడా మరవకండి. బ్రష్షు పొట్టలో పూస గట్టిపడిందంటే దాన్ని గిల్లి లాగవద్దు. అదే లిక్విడ్‌లో కాసేపు నాననిచ్చి, దానంతట అది మెత్తబడ్డాక తుడవాలి.

మరో మాట. బ్రష్షు రంగు చూసి బెదరకండి. పేరున్న కోలిన్‌స్కీ బ్రష్షు సైబీరియా ముంగిసవంటి ఒక చిన్న జంతువు తోక వెంట్రుక. దాని సహజమైన రంగే గోధుమ బంగారం. తెల్లని నైలాన్ బ్రష్షు పచ్చబడితే మాత్రం లోపల సరుకు మిగిలిపోయిందని గుర్తు. ఎవరైనా చవకగా ముంగిస వెంట్రుక బ్రష్షు అమ్మజూపితే కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం. పని నేర్చుకొనేవారికి ఇప్పటి నైలాన్ బ్రష్షులే చాలు.

గోరు పచ్చబడితే పోయేది డబ్బు. అంతకంటె పెద్ద సంగతి ఒకటి ఉంది. పూసలో లిక్విడ్ మరీ ఎక్కువైతే గోరు లోపల పూర్తిగా గట్టిపడదు. రంగు మారడానికి అదీ ఒక కారణం. పౌడరు ఒక పాలైతే లిక్విడ్ సుమారు ఒకటిన్నర పాళ్ళుండాలి. ఆ గట్టిపడని లిక్విడ్ చర్మానికి పదేపదే తగిలితే ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే జీవితాంతం పోదు. బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం 2018లో ఈ సంగతి గట్టిగా హెచ్చరించింది. ఎలర్జీ పరీక్షకు వచ్చిన వారిలో 2.4 శాతం మందికి ఈ జాతి రసాయనాలు పడవని తేలింది. అటువంటివారికి రేపు పళ్ళ వైద్యంలోనూ, కీళ్ళ ఆపరేషన్‌లోనూ ఇదే జాతి సరుకు వాడవలసి వస్తే చిక్కు. గోళ్ళు పెట్టించుకొనేవారి కంటె రోజూ పెట్టేవారికే భయం ఎక్కువ. కాబట్టి బ్రష్షు కొనను చేతివేళ్ళతో తీర్చవద్దు, నోటితో అసలే వద్దు. గోటి మొదట్లోని చర్మానికి పూస తగలనీయవద్దు. తొడుగు వేసుకోండి, దానిమీద లిక్విడ్ పడితే వెంటనే మార్చండి. కిటికీ తెరిచి ఉంచండి. ఆ లిక్విడ్ అంటుకొనే గుణం గలది. ఇంట్లోనే పని కనుక పొయ్యికీ, దీపానికీ, అగరువత్తికీ దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టండి.

కూతుళ్ళను పార్లరుకు పంపే తల్లులు కూడా ఒక మాట అడగాలి: లిక్విడ్ ఏమిటి? ఇథైల్ మెథాక్రిలేట్ అయితే సరే. మిథైల్ మెథాక్రిలేట్ అయితే వద్దనండి. చవకే, కాని ఆ గోరు మరీ గట్టి. ఎక్కడైనా తట్టుకొంటే అసలు గోటిని కూడా ఊడదీసుకొని వస్తుంది. 1970ల మొదట్లోనే అమెరికాలో దానిమీద ఫిర్యాదులు వచ్చి, ప్రభుత్వ సంస్థ కోర్టుకు వెళ్ళింది.

చిలుకూరు సోదరికి చివరగా ఒక పని చెబుతాను. రెండు ప్లాస్టిక్ గోళ్ళు తీసుకోండి. ఒకే సీసా, ఒకే పౌడరు. ఒకదానికి పాత బ్రష్షు, ఒకదానికి కొత్తది వాడండి. రెంటినీ నాలుగు రోజులు కిటికీలో ఎండకు పెట్టండి. పాత బ్రష్షుదే పచ్చబడితే బ్రష్షు మార్చండి. రెండూ పచ్చబడితే సీసాను మార్చండి. రెండూ తెల్లగానే ఉంటే ఆ మాఘమాసపు పచ్చదనం చాలావరకు తలంబ్రాలదే. అప్పుడు మీ వారికి ఆ రెండు గోళ్ళూ చూపించి, ఈ పని మనకు అచ్చివస్తుందో రాదో మళ్ళీ అడగండి. ఏం తేలిందో నాకు వ్రాయడం మరవకండి.