ఖౌలా అని పిలవండి

తమ పాపకు ఖౌలా అని పేరు పెట్టదలచామనీ, నాయనమ్మ ఒప్పుకోవడం లేదనీ ఒక సోదరి మాకు రాశారు. పెద్దావిడ అభ్యంతరాలు రెండట. ఈ పాతకాలపు పేరు బడిలో ఎవరికీ నోరు తిరగదు, ‘కౌలా, కౌలు రైతా’ అని తోటిపిల్లలు ఏడిపిస్తారన్నది ఒకటి. వాదులాడిన స్త్రీ పేరు పెడితే పిల్లకు నోటిదురుసు వస్తుందన్నది రెండోది. రెండూ మనవరాలి మీది ప్రేమతో అన్నవే గనుక తేలికగా తోసివేయదగినవి కావు.

ముందు ఉచ్చారణ సంగతి. తెలుగు ‘ఖ’ అరబీలోని రెండు అక్షరాల బరువు మోస్తున్నది. ఖుర్ఆన్ అన్నప్పుడు అది ‘ఖాఫ్’, ఖౌలా అన్నప్పుడు ‘ఖా’. ఈ ‘ఖా’ కోసం నాలుక మొదలును అంగిలి వెనుక భాగానికి చేరువగా తెచ్చి, గాలిని ఒరుసుకుంటూ పోనివ్వాలి. ఉర్దూ బాగా వచ్చినవారు ఖర్చు, ఖాళీ, ఖరీదు అనే మాటలను ఎలా పలుకుతారో వినండి, అదే ధ్వని. దక్కనీ మాట్లాడే ఇళ్లలో దీనికి కొరత లేదు. పైగా ‘ఖాఫ్’ ఉండవలసిన చోట కూడా దీనినే వాడి, సమాధినీ వార్తనూ ఒకే మాటగా పలికేస్తుంటారు! ఇంట తెలుగే మాట్లాడే కుటుంబాలకు కొద్దిపాటి సాధన చాలు.

ఇక బడిపిల్లలు ‘కౌలా’ అన్నారే అనుకుందాం. తెలుగు ‘కౌలు’ అరబీ ‘ఖౌల్’ నుండి వచ్చినదే. ఖౌల్ అంటే మాట. అల్ ముజాదిలా సూరా తొలి ఆయత్‌లో అల్లాహ్ తాను విన్నానని ప్రకటించినది ఈ ఖౌలా (రజి) ‘ఖౌల్’నే! అర్థం చెడే పొరపాటు వేరు. ఫిరౌన్ భార్య ఆసియా పేరును ‘సీన్’తో రాస్తారు. ‘అయిన్’, ‘సాద్’లతో రాస్తే అవిధేయురాలని అర్థం. ఆ రెండో పేరు గల స్త్రీకి దైవప్రవక్త (స) జమీలా అని పేరు మార్చారు. తెలుగు లిపిలో రెండూ ఒకటే కనుక జాగ్రత్త అక్కడ కావాలి.

రెండో అభ్యంతరమే మాకు ముఖ్యమనిపించింది. ఖౌలా బిన్తె సాలబా (రజి) మదీనా వాసి. వృద్ధుడైన భర్త ఔస్ బిన్ సామిత్ (రజి) ఒకనాడు కోపంలో, నీవు నాకు నా తల్లి వీపు వంటిదానివి అనేశారు. అజ్ఞాన కాలంలో దీనిని ‘జిహార్’ అనేవారు. ఆ మాట పడిన స్త్రీ భార్యగానూ మిగలదు, మరొకరిని పెళ్లాడనూ లేదు. ఆమె దైవప్రవక్త (స) వద్దకు వెళ్లి, తన కాపురం గురించి మళ్లీ మళ్లీ మొరపెట్టుకున్నారు. అదే ఇంట్లో ఉన్న హజ్రత్ ఆయిషా (రజి)కు సైతం వినిపించనంత మెల్లగా సాగిన ఆ మొరను అల్లాహ్ విన్నాడు. బానిస విముక్తి, అది కుదరకపోతే ఎడతెగకుండా రెండు నెలల ఉపవాసాలు, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు భోజనం పరిహారంగా నిర్ణయమైంది. భర్తకు ఈ మూడింటిలో ఏదీ సాధ్యం కాదని చెప్పినదీ ఆమే. దైవప్రవక్త (స) ఒక గంప ఖర్జూరాలు ఇస్తామన్నప్పుడు, మరో గంప నేనిస్తానన్నదీ ఆమే. కాపురం నిలబెట్టుకోవడానికి వాదించి, భర్త తప్పుకు తన ఖర్జూరాలు ఇచ్చిన ఇల్లాలిని నోటిదురుసు మనిషి అనగలమా? తరువాతి కాలంలో ఖలీఫా ఉమర్ (రజి) దారిలో ఆగి ఆ వృద్ధురాలి మాటలు ఓపికగా విన్నారని తఫ్సీర్ గ్రంథాలు చెబుతున్నాయి.

ఈ పేరు పెట్టేవారిలో కొందరి మనసులో ఉన్నది కత్తి పట్టిన ఖౌలా బిన్తె అజ్‌వర్. ఆమె గాథలు వాఖిదీ పేరిట ప్రచారంలో ఉన్న ఫుతూహుష్షామ్ లోనివి, పండితులు వాటిని ప్రామాణికంగా తీసుకోరు. పాపకు ఊహ తెలిశాక సాలబా కుమార్తె కథ చెప్పండి. నాయనమ్మ చేతనే చెప్పిస్తే మరీ మంచిది.

ఒక్క మాట, సోదరీ. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఇంకా తేలకపోయినా ఫరవాలేదు, నమోదైన నాటి నుండి 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. ఇంగ్లీషులో ‘యు’తో రాయిస్తారో ‘డబ్ల్యు’తో రాయిస్తారో ఇప్పుడే తేల్చుకుని, ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ అదే రాయించండి.