గాలికొదిలేసిన గాలి

ఇంటి పనుల్లో ఏవి మగవాళ్ళవి, ఏవి ఆడవాళ్ళవి అన్న పంపకం ఎవరు చేశారో నాకు తెలియదు గాని, చేసినవాళ్ళు ఒక్క పనిని మాత్రం ఎవరి వాటాలోనూ వేయడం మర్చిపోయారు. అది బండి టైర్లలో గాలి చూడడం. గ్యాసు సిలిండరు ఇంకెన్నాళ్ళు వస్తుందో మనం ఎత్తి చూసి చెప్పేస్తాం. పాల ప్యాకెట్టు మీద తేదీ చూడనిదే సంచీలో వేసుకోం. కుక్కరు రబ్బరు కాస్త వదులైతే ఈల వినగానే పట్టేస్తాం. అయ్యగార్లు ఇన్సూరెన్సు తేదీ చూస్తారు, పెట్రోలు ముల్లు చూస్తారు. గాలి సంగతి అడిగితే మాత్రం “మొన్ననేగా కొట్టించాం!” అంటారు. ఆ మొన్న ఏ నెలలోదో వాళ్ళకీ తెలియదు, మనకీ తెలియదు.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకున్నా సరే. వ్యాను వున్న ప్రతి ఇంట్లోనూ గాలి కొలిచే మీటరు ఒకటి, గాలి కొట్టే చిన్న పంపు ఒకటి వుండాలి. అవి ఇల్లాలికి తెలిసిన చోట వుండాలి. ఏ టైరుకి ఎంత గాలి అన్న అంకె, గ్యాసు బుకింగు నంబరులాగా, ఆవిడకి నోటికి వచ్చి వుండాలి.

“పెట్రోలు బంకులో ఊరికే కొడతారు గదా, దీనికి కూడా డబ్బు తగలేయాలా?” అంటారు మా పక్కింటి పిన్నిగారు. ఊరికే కొడతారు, నిజమే. బంకుల్లో గాలి ఉచితంగా పెట్టాలని ఆయిల్ కంపెనీల నిబంధనే వుంది. అది మన హక్కు, వదులుకోమని నేననను. కాని టైరులో గాలిని చల్లగా వున్నప్పుడు కొలవాలి. అంటే బండి మూడు గంటలైనా కదలకుండా వుండాలి. మేం అమీర్‌పేట సందులోంచి బయటపడి, మైత్రీవనం దగ్గర ఆగి, మెట్రో స్తంభాల కింద పాకి, పంజగుట్ట చేరి, అక్కడ బంకులో వరసలో నిలబడేసరికి టైర్లు వేడెక్కి కూర్చుంటాయి. వేడెక్కిన గాలి ఉబ్బుతుంది. మీటరు సరిపోయిందనే చూపిస్తుంది. మర్నాడు పొద్దున చల్లారాక చూస్తే నాలుగు పౌండ్లు తక్కువ! అన్నం పొంగు మీదున్నప్పుడు గిన్నె నిండిందని పొయ్యి కట్టేసినట్టే గదా ఇది.

ఇంకో సంగతి కూడా వుంది. ఒక బంకులో నేను దిగి, ముందు టైర్లకి ఇంత, వెనక టైర్లకి ఇంత అని అంకెలు చెప్పాను. గాలి కొట్టే కుర్రాడు నా వెనక్కి చూసి, “సార్ రాలేదా మేడమ్?” అన్నాడు. “సార్‌కి గాలి అక్కర్లేదు బాబూ, టైర్లకే” అన్నాను. నవ్వాడు. నవ్వి, నాలుగింటికీ తను రోజూ కొట్టే అంకే కొట్టాడు. వాడి తప్పేం లేదు, పొద్దున్నించీ వందల బళ్ళకి అదే అంకె. బండి ఎవరిదో, అందులో ఎందరు ఎక్కుతారో వాడికేం తెలుసు? కారుకీ వ్యానుకీ తేడా అక్కడే వుంది. మా ఏడు సీట్ల వ్యానులో ఒంటరిగా ఆఫీసుకి వెళ్ళేరోజు ఒక బరువు. అత్తగారు, ఆడపడుచు, నలుగురు పిల్లలు, పచ్చడి జాడీలతో ఊరికి బయల్దేరేరోజు ఇంకో బరువు. బండి తయారుచేసినవాళ్ళు ఇది ఆలోచించే, డ్రైవరు తలుపు తీస్తే కనిపించేచోట ఒక కాగితం అంటించి, ఖాళీగా వుంటే ఎంత, నిండుగా వుంటే ఎంత అని రాసిపెడతారు. కొన్ని బళ్ళకి అది పుస్తకంలో వుంటుంది. టైరు ప్రక్కన అచ్చువేసిన పెద్ద అంకె మాత్రం అది కాదు సుమండీ! ఆ టైరు గరిష్ఠంగా ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. మన సహనానికి హద్దు ఎంతో తెలుసుకుని, రోజూ సరిగ్గా అంతవరకూ మనల్ని పరీక్షించేవాళ్ళుంటే ఎలా వుంటుంది?

గాలి తక్కువైతే మునిగిపోయేదేముంది అంటారా? ఇనప తీగని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి. వేడెక్కుతుంది, ఇంకా వంచితే తెగుతుంది. గాలి తక్కువైన టైరు ప్రక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ అలాగే వంగి లేస్తుంటాయి. సోమాజిగూడ నుంచి ఎర్రగడ్డ దాకా నత్తనడక నడిచే మన ట్రాఫిక్కులో ఆ వేడి బయటపడదు. వేసవి సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని విజయవాడ రోడ్డెక్కి, చౌటుప్పల్ దాటి వేగం పెంచినప్పుడు బయటపడుతుంది. పోనీ ఎక్కువ కొట్టించేస్తే నిశ్చింత అనుకుంటారు కొందరు. ఎక్కువైతే టైరు నడుమ భాగమే నేలని తాకుతుంది, పట్టు తగ్గుతుంది, బ్రేకు వేస్తే బండి ఆగవలసిన చోట ఆగదు. అంత పెద్ద వ్యానుకీ నేలకీ మధ్య ఆధారమల్లా టైరుకి అరచేయంత చొప్పున నాలుగు చోట్లే. ఆ నాలుగు అరచేతుల మీదే మన పిల్లలు కూర్చుని వున్నారు.

ఇక కొనబోయినప్పటి మోసాల సంగతి. అమీర్‌పేటలో ఏ కార్ల సామాను దుకాణానికి వెళ్ళినా ముందు చూపించేది డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వుండే “150 పి.ఎస్.ఐ.” అన్న అంకె. మన వ్యాను టైర్లకి అందులో సగం కూడా అక్కర్లేదు. 150 అన్నది ఎంత గట్టిగా తోయగలదో చెబుతుంది గాని, ఎంత త్వరగా నింపగలదో చెప్పదు. సన్నటి ధారగా ఎంత జోరుగా నీళ్ళొచ్చినా గంగాళం నిండాలంటే సేపు పడుతుంది గదా! నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందో అడగండి. సైకిలుకి సరిపోయే పంపు వ్యాను టైరు దగ్గర ఆయాసపడుతుంది. చిన్న పంపులు ఏకబిగిన ఎంతోసేపు పనిచేయవు, మధ్యలో చల్లారనివ్వాలి. ఎన్ని నిమిషాలకొకసారి ఆపాలో డబ్బా మీద చదవండి.

తీగ పొడవు చూసుకోండి. ముందు సాకెట్టులో పెడితే వ్యాను వెనక చక్రందాకా రావాలి, లేకపోతే కొన్నది సగం బండికే. ఆ సాకెట్టు ఫ్యూజు చాలా బళ్ళలో 10, 15 ఆంపియర్లకి మించదు. అంతకన్నా ఎక్కువ కరెంటు లాగే పెద్ద పంపుని తిన్నగా బ్యాటరీకే తగిలించాలి, లేకపోతే ఫ్యూజు టప్పున పోతుంది. తీగ లేని ఛార్జింగు రకం సుఖమే గాని, మే నెల ఎండలో మూసిన బండిలో పడేస్తే దాని బ్యాటరీ పాడవుతుంది. ఆర్నెల్లు మరిచిపోయి అవసరానికి తీస్తే ఛార్జీ వుండదు. అంకె పెట్టగానే అక్కడికి తనే ఆగిపోయే ఏర్పాటు వుంటే మంచిది. మన పని మనం చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు కొనవలసింది మాత్రం పంపు కాదు, విడిగా గాలి మీటరు. పంపు తనకి తానే మార్కులు వేసుకుంటే ఒప్పుకోవడమేనా? మీటరు ఖరీదు మామూలు నేతచీర ఖరీదంత కూడా వుండదు.

గాలి తీసే సాధనాలంటూ నాలుగు బిళ్ళల డబ్బా కూడా అంటగట్టబోతారు. అవి ఇసకలో బండి నడిపేవాళ్ళకి. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసకలో దిగబడదు. సూర్యలంకకి వెళ్ళినా మనం బండి రోడ్డుమీదే ఆపి నడిచి వెళ్ళి కాళ్ళు తడుపుకుంటాం, మనకెందుకవి? బంకులో ఎక్కువ కొట్టింది తీయడానికి మీటరుకే చిన్న మీట వుంటే చాలు. ఆ తీయడం కూడా టైరు చల్లారాకే. వేడిమీద ఎక్కువ చూపిస్తోందని తీసేశారా, చల్లారాక మొదటికే మోసం. అలాగే “నైట్రోజన్ కొట్టించండి మేడమ్” అని డబ్బడుగుతారు. మనం పీల్చే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ వుంది. మిగతా కొంచెం కోసం డబ్బిస్తానంటే మీ ఇష్టం.

“ఇవన్నీ ఆడవాళ్ళకెందుకు?” అనే పెద్దలకి 1888 గుర్తు చేస్తాను. బెల్ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ డన్‌లప్ గాలి టైరుకి పేటెంటు తీసుకున్నది ఆ ఏడాదే. అంతకుముందే, 1845లో, థామ్సన్ అనే ఆయన ఆ ఊహ చేసినా, అది నిలబడలేదు. డన్‌లప్ చేసింది తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం. పిల్లాడికి కుదుపు తగలకూడదన్న ఆరాటంలోంచే గాలి టైరు పుట్టిందన్నమాట! సరిగ్గా అదే ఏడాది జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారుబండిలో ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైచిలుకు నడుపుకుంటూ పుట్టింటికి వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. లోకంలో మొదటి దూరప్రయాణమే ఒక ఇల్లాలు చేస్తే, మనకి గాలి లెక్క రాదా?

స్టెప్నీ వుంది గదా అన్న ధీమా కూడా ఇక చెల్లదు. 3.5 టన్నుల లోపు బళ్ళలో టైరు రిపేరు సామానూ, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటూ వుంటే స్టెప్నీ లేకపోయినా సరేనని 2020లో కేంద్రం నిబంధనలు సవరించింది. వున్నవాళ్ళు మాత్రం దాంట్లో గాలి ఎప్పుడు చూశారు? అవసరానికి దింపి చూస్తే అదీ చప్పిడే.

నన్ను నిజంగా బాధపెట్టేది మన సొంత బళ్ళు కాదు, పిల్లల స్కూలు వ్యాన్లు. వ్యాను కుదుర్చుకునేటప్పుడు ఫీజు బేరమాడతాం, ఎన్నింటికి వస్తాడో అడుగుతాం, కిటికీ పక్క సీటు మనవాడికే కావాలంటాం. టైర్ల మాట ఎవరం అడిగాం? ఆ డ్రైవరుని నేను నిందించను. తెల్లారకముందే లేచి సందు సందూ తిరిగేవాడు. బంకులో వరసలో నిలబడితే పిల్లలకి బెల్లు దాటిపోతుంది, దాటితే తిట్టేది మనమే. అంచేత ఆ పని మనం పంచుకుందాం. అపార్టుమెంటు నిర్వహణ డబ్బుల్లోంచి ఒక మంచి పంపు, ఒక మీటరు కొని వాచ్‌మన్ గదిలో పెట్టిద్దాం. నెలకోసారి, వ్యాను బయల్దేరేముందు, “అన్నా, ఓసారి గాలి చూసుకో, పంపు ఇక్కడే వుంది” అంటే ఎవరైనా కాదంటాడా? వినాయకచవితి పందిరికి చందా ఇచ్చే చేతులు దీనికి వెనకాడతాయా?

ఏది ఏమైనా ఈ ఆదివారం పొద్దున, ఎండెక్కకముందు, బండి కదలకముందు, డ్రైవరు తలుపు తీసి ఆ కాగితం చదవండి. అందులోని అంకెల్ని కాలెండరు మీద, పాల లెక్క పక్కన రాసి పెట్టండి. రాయడానికి అయ్యగారి అనుమతి అక్కర్లేదు.