వెండితెర శిక్షకులలో అగ్రగణ్యుడెవడు?

ఆటల ఇతివృత్తముతో సినిమా వెలువడిన ప్రతి పర్యాయము అనకాపల్లిలో టీ దుకాణముల వద్దను, ఎన్టీఆర్ స్టేడియము మెట్ల మీదను ఒక చర్చ పుట్టి, కొన్నాళ్లు సాగి, తెగకయే చల్లారుట పరిపాటి. తెర మీద మనము చూచిన క్రీడా శిక్షకులలో సర్వోత్తముడెవ్వడన్నదే ఆ చర్చ. దానిని కాలక్షేపపు కబురని తీసివేయుటకు నాకు మనసొప్పదు. ఏలయన, ఒక సమాజము ఎట్టి గురువును కోరుకొనుచున్నదో తెలియుటకు, అది కల్పించుకొనిన గురువులే మంచి సాక్ష్యము.

అధికసంఖ్యాకులు 2007 నాటి ‘చక్ దే ఇండియా’లోని కబీర్ ఖానునకు పట్టము కట్టుదురు. 1982 ఢిల్లీ ఏషియాడ్ తుదిపోరులో పాకిస్తాన్ చేతిలో 7-1 తేడాతో ఓడిన మన హాకీ జట్టునకు గోల్‌కీపరైన మీర్ రంజన్ నేగీ మోసిన అపనింద ఆ పాత్రకు ప్రేరణ యైనది. డెబ్బది నిమిషములను గూర్చి కబీర్ ఖాన్ చేసిన ప్రసంగము మన కుర్రవారికి కంఠస్థము. నాకు మాత్రము, తమ తమ రాష్ట్రముల పేర్లు చెప్పుకొన్న పిల్లలను వరుసనుండి తప్పించి, దేశము పేరు చెప్పిన పిల్లను నిలిపిన ఆ తొలినాటి ఘట్టమే ఘనముగా తోచును. ఉపన్యాసము ఒక పూట ఉద్రేకమును రేపగలదు; జంకిన కాలును ముందుకు వేయించునది నెలల తరబడి వేకువజామున చేయించిన అభ్యాసము.

తెలుగు తెర ఈ విషయమున పేదది కాదు. పరుగుల రాణి అశ్విని నాచప్ప తానే నాయికగా నటించిన ‘అశ్విని’ (1991)లో భానుచందర్, ‘సై’ (2004)లో రగ్బీ నేర్పిన రాజీవ్ కనకాల, మన పొరుగూరి పేరు పెట్టుకొని వచ్చిన ‘భీమిలి కబడ్డీ జట్టు’ (2010)లో కిశోర్, వీరందరును ఆదరణీయులే. ‘జెర్సీ’ (2019)లో సత్యరాజ్ ధరించిన మూర్తి పాత్ర కంట తడి పెట్టించును. లోకము క్రికెటరైన కథానాయకుడు అర్జునుని మరచిన దినములలో విడువక నిలిచిన మనిషి యతడు. అయినను అతనిని గొప్ప ఆప్తుడనవచ్చును గాని, ఆ బ్యాటునకు పదును పెట్టిన గురువనుటకు వీలులేదు.

‘గోల్కొండ హైస్కూల్’ (2011) ప్రసక్తి వచ్చినపుడు నేను కొంత ఆగుదును. హరిమోహన్ పరువు వ్రాసిన నవల ఆధారముగా మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన ఆ చిత్రమున, బడి ఆటస్థలమును ఐఐటీ కోచింగ్ కేంద్రముగా మార్చ యత్నించుచుండగా, సుమంత్ ధరించిన సంపత్ అను శిక్షకుడు పిల్లల జట్టును నిలబెట్టి, ఆ మైదానమును కాపాడుకొనుటకు పూనుకొనును. పిల్లలను మేడ మీది గదులలో కుదించి, ఆటల పీరియడును లెక్కల మాస్టారికి అప్పగించుట వాడుకైన ఈ కాలమున, ఆ కథ ఎంత నిజమో తల్లిదండ్రులెవ్వరికిని వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను నా యోటు ‘గురు’ (2017)లోని ఆదికే. వెంకటేశ్ ధరించిన ఆ బాక్సింగ్ శిక్షకుని పాత్ర రాజకీయములకు బలియై విశాఖపట్టణమునకు బదిలీ అయి వచ్చినది. అక్కడ బాక్సింగ్ నేర్చుకొనుచున్న అక్కకు అన్యాయము జరిగినదని న్యాయనిర్ణేతల మీదికే కలియబడిన రామేశ్వరి యను కూరగాయలమ్ము పిల్లను అందరును రౌడీపిల్లగా చూడగా, అతడొక్కడు ఆ పిడికిలిలోని వేగమును కనిపెట్టి, ఎదురు డబ్బిచ్చి శిక్షణకు రప్పించును. అతని నోటి దురుసుతనమును నేను సమర్థింపను. గురువనగా కసరి, అవమానించి దారికి తెచ్చువాడని మన చిత్రములు మరల మరల చెప్పుట తప్పు, అందునను శిష్యురాలు చిన్నవయసు పిల్ల యైనపుడు మరింత తప్పు. కాని ఆమె తుదిపోరునకు దిగుటకై అతడు తన పదవినే వదలుకొనును. ఆ ఘట్టమున నా ఫిర్యాదులన్నియు వెనుకపట్టు పట్టును.

వాల్మీకి విశ్వామిత్రుడును ఈ కోవలోనివాడే. కసుగందైన రాముని అడిగి తెచ్చుకొని, సరయూ తీరమున ఆకలిదప్పుల అలసటను పోగొట్టు బల, అతిబల విద్యలనుపదేశించి, అస్త్రములిచ్చి, పెండ్లి కాగానే ఉత్తరపర్వతమునకు వెడలిపోయినాడు. పట్టాభిషేకమున తనకొక పీఠము వేయుమని కోరలేదు. శిష్యుని గెలుపులో తన పాలు అడుగని గుణమే నాకు కొలబద్ద. తన కళంకమును కడుగుకొనుట కూడ కోరిన కబీర్ ఖాన్ ఆ కొలతలో ఒక వెంట్రుకవాసి తగ్గును.

ఇక మన తెర ఇంకను పట్టించుకొనవలసిన మనిషి యొకడు కలడు. పాడైపోయిన జీవితమును శిష్యుని పతకముతో బాగుచేసికొను శిక్షకుని కథ మనకు చాలినంత వచ్చినది. బడిలో ఈల మెడను వేసికొని, చిరిగిన వాలీబాల్ నెట్టును తానే ముడివేసి, ఏ పిల్ల పరుగులో జీవమున్నదో కనిపెట్టు డ్రిల్లు మాస్టారి కథ రాలేదు. 1962 జకార్తా ఏషియాడ్‌లో భారత ఫుట్‌బాల్ జట్టునకు స్వర్ణము సాధించి పెట్టిన హైదరాబాదు రహీం సాహెబు మొదట బడిపంతులే. ఆయన కథను ‘మైదాన్’ (2024)గా హిందీవారు తీసినారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యము నెత్తిన కరణం మల్లీశ్వరి మన ఉత్తరాంధ్రపు ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ. పండ్రెండేండ్ల ప్రాయమున ఆమెకు బరువులెత్త నేర్పిన నీలంశెట్టి అప్పన్న పేరు మనలో ఎందరికి తెలియును? తెలుగు కథారచయితలారా, మీ తరువాతి శిక్షకుని అట్టి మాస్టర్లలో వెదకుడు.